రక్తపరీక్షకి చెప్పిన తప్పు తారీఖు

మాటల్ని పెంచి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అబద్ధాలాడతానంటే మాత్రం ఒప్పుకోను. ఉన్నదాంట్లో కొంచెం నీళ్ళు కలుపుతాను, అంతే. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువులకి ఏరియేటర్లు అమ్మి, అవి పాడైతే బాగుచేసి బతికేవాణ్ణి. నీళ్ళని చిలికి చేపలకి గాలి అందించే ఆ యంత్రాలతో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి వెళ్ళేలోపు చెప్పడానికి ఏదో ఒకటి తయారవుతుంది. ఒక కొరమేను నా బైకు తాళం మింగేసిందనీ, రెండు నెలల తర్వాత ఏలూరు చేపల మార్కెట్లో దాని కడుపు కోస్తే ఆ తాళం బయటపడిందనీ ఒకసారి చెప్పాను. ఆ కథ గణపవరం దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి తాళంతోపాటు బైకు ఆర్సీ కూడా దొరికింది. చెప్పినవాడు అంత నమ్మకంగా చెబుతుంటే నేనూ నమ్మేశాను.

ఇప్పుడు రాస్తున్నదాంట్లో మాత్రం నీళ్ళు లేవు. అప్పట్లో కలిపినచోట ఎక్కడ కలిపానో నేనే చెబుతాను.

నా భార్య పోయి ఆరేళ్ళయింది. నాకు నలభై ఏడు. మా చర్చి సంఘంలో పెద్దవాళ్ళు ఊరుకోక దెందులూరులో ఒక లెక్కల టీచరు గారి సంబంధం తెచ్చారు. ఆవిడకీ భర్త పోయి చాలాకాలమైంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళింటికి వెళ్ళి చూశాను. ఆవిడ టీ ఇచ్చి, నేను చెప్పిన కొరమేను కథ పూర్తిగా విని, "ఆ చేప బరువెంతండి?" అని అడిగారు. పదకొండు కేజీలన్నాను. "పదకొండు కేజీల కొరమేనుకి తాళం మింగాల్సిన ఖర్మేంటండి?" అన్నారు. అక్కడికక్కడే నాకు పెళ్ళి చేసుకోవాలనిపించింది. ఆవిడ మాత్రం ఆలోచించుకుని చెబుతానన్నారు.

ఆవిడ ఆలోచించుకుంటానన్న నాలుగో రోజు, గురువారం, చేపల మేత కంపెనీవాళ్ళ మీటింగుకి భీమవరం వెళ్ళాను. మా వ్యాపారంలోనే ఉన్న ఒకావిడ, చాలా ఏళ్ళుగా తెలిసినావిడ, ఆ మీటింగుకి వచ్చింది. ఇద్దరం ఒంటరివాళ్ళం. భోజనాలయ్యాయి, మాటలయ్యాయి, లాడ్జి అయింది. జాగ్రత్త అనేది ఒకటుంటుందని ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా మందుల షాపు దాకా నడవడానికి ఇద్దరికీ బద్ధకమేసింది. ఆవిడ గురించి ఇంతకంటే రాయను.

ఆ తర్వాతి వారం టీచరు గారు సరేనన్నారు. నేను గాల్లో తేలాను. అలా తేలుతుండగా నాలుక పక్కన చిన్న పుండు లేచింది.

మామూలప్పుడైతే పుండు పుండే. కానీ ఫోనులో "నోటిపూత" అని కొట్టి, ఒకదాని కింద ఇంకోటి చదువుకుంటూ పోతే నాలుగో పేజీకల్లా హెచ్ఐవీ దగ్గర తేలాను. అక్కడ రాసిన లక్షణాలు ఒక్కొక్కటే నాకు రావడం మొదలెట్టాయి. చెమటలు పడతాయని రాశారు. పట్టాయి. జూన్ నెలలో ఏలూరులో చెమట పట్టనివాళ్ళెవరో నాకు తట్టలేదు. మెడ పక్కన బిళ్ళలు కడతాయని రాశారు. రోజుకి యాభై సార్లు నొక్కి చూసుకున్నాను, మూడో రోజుకి నిజంగానే వాచింది. ఒంటిమీద దద్దుర్లొస్తాయన్నారు. వచ్చాయి. అంతకు ముందురోజే గుర్రపుడెక్క తీయించడానికి మొలలోతు నీళ్ళలో దిగానన్న సంగతి గుర్తుకు రాలేదు.

బరువు తగ్గుతారని చదివాక ఆగలేకపోయాను. చెరువు గట్టుమీద చేపలు తూకం వేసే కాటా ఉంటుంది కదా, ఐసు పెట్టెలు దింపగానే దాని మీదెక్కి నించున్నాను. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఎక్కితే రెండు కేజీలు తగ్గాను.

"బాగా తగ్గిపోయానండి," అన్నాను కాటా దగ్గరున్నాయనతో.

"మొన్న తడి బూట్లతో ఎక్కారు. పైగా కాటా మీద ఐసు ముక్కలు కూడా ఉన్నాయి. ఆ రెండు కేజీలూ మీవి కాదండి, మావి," అన్నాడాయన.

నవ్వొచ్చింది కానీ భయం తగ్గలేదు. దానికి తోడు మా సంఘంలో ఒక పద్ధతుంది. పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు ఆరాధనలో మా పాస్టరు అయ్యగారు ప్రకటన చదువుతారు, ఫలానావారికీ ఫలానావారికీ వివాహం, అభ్యంతరం ఉన్నవారు తెలపండి అని. ఆ మొదటి ప్రకటన చదవాలంటే వధూవరులిద్దరూ హెచ్ఐవీ రక్తపరీక్ష చేయించుకుని ఆ కాగితాలు అయ్యగారికి ఇవ్వాలి. టీచరు గారు తన కాగితం అప్పుడే ఇచ్చేశారు. నాది మిగిలింది. ఆదివారమే ప్రకటన.

ఏలూరు పెద్దాసుపత్రికి వెళ్ళడం నావల్ల కాదు. అక్కడ ఓపీ చీటీ రాసే దగ్గర్నుంచి సైకిల్ స్టాండు దాకా నన్నెరగనివాళ్ళు లేరు. అందుకని గురువారం పొద్దున్నే పాసింజరెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. అక్కడ ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష ఉచితం, పేరు బయటికి రాదు. గది ముందు బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాను. పక్కన ఇంకొకాయన తువ్వాలు ముక్కుదాకా కప్పుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఇద్దరికీ ఒకేసారి దగ్గొచ్చింది. ఆ దగ్గు నాకు తెలుసు. గణపవరం దగ్గర రెండు చెరువులున్న రైతు, నా దగ్గర ఆరు ఏరియేటర్లు కొన్న మనిషి.

"ఏంటండి ఇలా వచ్చారు?" అన్నాడాయన.

"షుగరు చూపించుకుందామని."

"ఆయ్, నేనూ షుగరేనండి."

ఇద్దరి తలల పైన గోడమీద ఎర్ర రిబ్బను బొమ్మతో ఇంత బోర్డు. ఇద్దరం దాన్ని చూడకుండా, షుగరుకి కాకరకాయ రసం మంచిదా మెంతులు మంచివా అని అరగంట మాట్లాడుకున్నాం. మెంతులతో మా మేనమామ షుగరు మూడు రోజుల్లో పోయిందని కూడా చెప్పాను. నాకు మేనమామ లేడు.

నా పేరు పిలిచారు. లోపల కౌన్సెలర్ గారు, ముప్ఫై అయిదేళ్ళ ఆవిడ, ఎదురుగా కుర్చీ చూపించి తలుపు వేశారు.

"చెప్పండి, ఏం భయమొచ్చింది?"

"నాక్కాదండి. మా స్నేహితుడికి."

"అలాగా. మరి రక్తం కూడా స్నేహితుడే ఇస్తారా, మీరిస్తారా?"

చెయ్యి ముందుకు చాపాను. ఆవిడ నవ్వలేదు, ఎక్కిరించలేదు. ఏం జరిగింది, కండోమ్ వాడారా అని అడిగారు. లేదన్నాను. "కలిసి ఎన్నాళ్ళయిందండి?" అన్నారు.

సరిగ్గా మూడు వారాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ మూడు వారాల కిందట నేను టీచరు గారి ఇంట్లో టీ తాగి వచ్చి ఉన్నాను. అది చెబితే, ముక్కూ మొహం తెలియని ఈవిడ ముందు నేను ఎలాంటివాణ్ణవుతాను? నాలుగు నెలలని చెబితే అప్పటికి సంబంధమే లేదు, ఒంటరి మనిషి చేసిన పొరపాటు కింద పోతుంది.

"నాలుగు నెలలు దాటిందండి," అన్నాను. ఇదిగో, నీళ్ళు కలిపింది ఇక్కడ.

రక్తం తీసుకున్నారు. గంట తర్వాత మళ్ళీ లోపలికి పిలిచి కాగితం ఇచ్చారు. నెగెటివ్. "నాలుగు నెలలు దాటాక వచ్చారు కాబట్టి ఇంక అనుమానం పెట్టుకోకండి. ఇకమీదట జాగ్రత్తగా ఉండండి," అన్నారు.

బయటికొచ్చి రెండిడ్లీ తిందామని కూర్చుని ఆరు తిన్నాను. పుండు మీద కారప్పొడి తగిలినా మంట తెలియలేదు. అంతలో గణపవరం రైతు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మొహం వాడిపోయి ఉంది.

"షుగరుందా అండి?" అన్నాను హుషారుగా.

ఆయన అటూ ఇటూ చూసి తువ్వాలు తీసేశాడు. "ఎందుకండీ ఇంకా షుగరు. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నాకు పది రోజులయిందని చెప్పేశానండి. ఇవాళ పరీక్ష చేస్తే నెగెటివ్ వచ్చిందిగానీ, అది లెక్కలోకి రాదంట. కొత్తగా వస్తే రక్తంలో కనపడ్డానికి టైము పడుతుందంట. ఆరు వారాలకొకసారి, మూడు నెలలకొకసారి మళ్ళీ రమ్మన్నారు. ఇన్నాళ్ళు ఇంట్లో ఏం చెప్పి దూరంగా పడుకోనండీ? మీకేమన్నారు?"

ఏడో ఇడ్లీ ప్లేట్లోనే వదిలేశాను.

"నాక్కూడా అలాంటిదేనండి," అన్నాను. ఆ రోజు ఆయనతో చెప్పిన నిజం అదొక్కటే.

తిరుగు రైల్లో కాగితం మడతలు విప్పుతూ, మడుస్తూ కూర్చున్నాను. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. పేరు నాది, రక్తం నాది, ముద్ర ఆసుపత్రిది. నేను చెప్పిన తారీఖొక్కటే తప్పు, అది కాగితం మీద ఎక్కడా లేదు. నా జన్మలో చెప్పిన గొప్పలన్నిటికీ ఎవరో ఒకరు అడ్డం తగిలేవారు, చేప బరువెంతని అడిగేవారు. దీనికి మాత్రం ఎవరూ ఏమీ అడగరు. నా రక్తంలో ఏదైనా ఉంటే, పెళ్ళయ్యాక అది టీచరు గారికి చేరుతుంది. ఆవిడ నా కాగితాన్ని నమ్మి నా ఇంటికొస్తారు.

ఇంత తెలిసీ ఏం చేశానంటే, శనివారం మధ్యాహ్నం ఆ కాగితం తీసుకెళ్ళి అయ్యగారికి ఇచ్చేశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, "దేవునికి స్తోత్రం. రేపు మొదటి ప్రకటన చదివేస్తాను," అన్నారు. ఆమెన్ అన్నాను. బైకెక్కి ఇంటివైపు బయల్దేరినవాణ్ణి హైవే ఎక్కి దెందులూరు వెళ్ళిపోయాను. ధైర్యమొచ్చి కాదు. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చోవడానికి భయమేసి.

టీచరు గారు వసారాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. నన్ను చూసి కుర్చీ లాగారు.

"ఒక మాట చెప్పాలండి," అన్నాను.

"కొరమేనా?"

"కాదండి."

"ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతు మీ టిఫిన్ బాక్సు ఎత్తుకుపోయిందా?"

"లేదండి. భీమవరంలో..."

నేను చెబుతుంటే ఆవిడ ఎర్రపెన్ను ఆపకుండా టిక్కులు పెడుతూ నవ్వుతూనే ఉన్నారు. లాడ్జి దాకా వచ్చాను, ఇంకా నవ్వుతున్నారు. నాలుగో పేజీ లక్షణాలు చెప్పాను, ఐసు కాటా చెప్పాను, బాగా నవ్వారు. తాడేపల్లిగూడెంలో నాలుగు నెలలని చెప్పిన దగ్గర పెన్ను ఆగింది.

"ఇది కథేగా అండి?"

"కాదండి."

"ఇందులో పెంచి చెప్పింది ఎంత?"

"ఏమీ లేదండి."

"తగ్గించి చెప్పింది?"

"ఒకసారి అని చెప్పానండి. రెండుసార్లు," అన్నాను.

అప్పుడు నమ్మారు. పెన్నుకి మూత పెట్టి లేచి, గోడకున్న క్యాలెండరు దగ్గరికెళ్ళారు.

"తారీఖు చెప్పండి."

చెప్పాను. దాని మీద వేలు పెట్టారు. "మీరు మా ఇంటికొచ్చిన ఆదివారం ఇది. ఇది నాలుగో రోజు."

"అవునండి."

"అప్పటికి నేను సరే అనలేదు."

"అనలేదండి."

"ఆలోచించుకుంటానన్నాను. నేనిక్కడ కూర్చుని ఆలోచిస్తున్నాను. మీరు భీమవరంలో ఉన్నారు."

నలభై ఏడేళ్ళలో మొదటిసారి నా దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది.

"వెళ్ళండి," అన్నారు. నేను గేటు దాకా వచ్చాక, "రేపు ఆరాధనకి అరగంట ముందు అయ్యగారింటి దగ్గరుండండి. ఆ కాగితం ఇచ్చింది మీరు, వెనక్కి తీసుకోవాల్సింది కూడా మీరే. నేను పక్కనుంటాను," అన్నారు.

మర్నాడు అయ్యగారి ముందు నించోగానే నా నోరు దానంతటది పనిలో పడింది. చింతలపూడిలో పామాయిల్ తోటలున్న మా దూరపు బంధువొకాయనకి ప్రాణం మీదికొచ్చిందని ఎత్తుకున్నాను. టీచరు గారు నావైపు చూడను కూడా లేదు. చిన్నగా దగ్గారు. బంధువు అక్కడే ఆగిపోయాడు.

"ఆ కాగితం వెనక్కిచ్చెయ్యండి అయ్యగారూ. మరీ తొందరపడి చేయించాను. మూడు నెలలు నిండాక మళ్ళీ చేయించుకుని ఇస్తాను," అన్నాను.

అయ్యగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఆయన పెద్దమనిషి, కారణం అడగలేదు. "అమ్మా, నీకు సమ్మతమేనా?" అని మాత్రం అన్నారు. "పరీక్షకి సమ్మతమేనండి. పెళ్ళి సంగతి తర్వాత," అన్నారావిడ.

ప్రకటన ఆగిపోయేసరికి సంఘంలో కథలు మొదలయ్యాయి. నాకు చింతలపూడిలో ఇంకో సంసారం ఉందన్నారు. రెండో వారానికి దానికి ఇద్దరు పిల్లలు పుట్టారు. మూడో వారానికి పెద్దపిల్ల పాలిటెక్నిక్‌లో చేరింది. ఒక్కదానికి కూడా నేను మెరుగులు దిద్దలేకపోయాను. నా గురించి అంత బాగా చెబుతుంటే నోరు మూసుకుని వినడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ప్రకటన ఆగిన మర్నాడు, సోమవారమే, మళ్ళీ తాడేపల్లిగూడెం వెళ్ళాం. ఆవిడ స్కూలుకి సెలవు పెట్టి వచ్చారు, రైల్లో వేరే పెట్టెలో కూర్చున్నారు. కౌన్సెలర్ గారు నన్ను గుర్తుపట్టారు.

"మీ స్నేహితుడు ఎలా ఉన్నారండి?"

"తారీఖు తప్పు చెప్పాడండి," అన్నాను. అసలు తారీఖు చెప్పాను.

ఆవిడ తిట్టలేదు. "గురువారం మీకిచ్చిన కాగితం అబద్ధం కాదండి. కానీ మీరు అడిగిన దానికి జవాబు కూడా కాదు," అన్నారు. పుండ్లనీ దద్దుర్లనీ చూసి ఈ జబ్బు ఉందో లేదో ఎవరూ చెప్పలేరనీ, రక్తమే చెప్పాలనీ అన్నారు. జరిగిన డెబ్బై రెండు గంటల్లోపు వచ్చి ఉంటే, అంటకుండా ఆపడానికి నెల రోజులు వేసుకునే మందులుండేవన్నారు. ఆ మాట నాకు అప్పటిదాకా తెలియదు. "ఒకవేళ ఉందని తేలినా రోజూ మందు వేసుకుంటూ మామూలుగా బతుకుతున్నవాళ్ళని ఇదే కుర్చీలో చూస్తుంటాను. చచ్చిపోతానని ఇప్పట్నుంచే మొదలెట్టకండి. మీ మెడ ఇంక నొక్కుకోకండి," అన్నారు. భీమవరం ఆవిడకి కూడా ఒక మాట చెప్పమన్నారు.

ఆసుపత్రి అరుగు మీద నించునే ఫోను చేశాను. ఆవిడ అంతా విని, "మూడు వారాల్నించి నన్ను చూసి భయపడ్డారన్నమాట. మిమ్మల్ని చూసి నేను భయపడాల్సిన పని లేదాండి?" అంది. నిజమే, ఆ వైపు నుంచి ఆలోచన నాకొక్కసారి కూడా రాలేదు. "సర్లెండి, నేనూ చేయించుకుంటాను," అని పెట్టేసింది.

పుండు ఇంకో వారానికి మానిపోయింది. పన్ను విరిగి మొన గుచ్చుకుంటోందని పళ్ళ డాక్టరు తేల్చి, అరగదీసి పంపారు. మెడ వాపు, నొక్కడం మానేశాక తగ్గింది. ఆరు వారాలకి పరీక్ష చేస్తే నెగెటివ్. మంచి కబురేగానీ మూడు నెలలదీ చూద్దామన్నారు. ఆ రోజు బెంచీ మీద గణపవరం రైతు కనపడలేదు. తర్వాతెప్పుడో ఏరియేటర్ బెల్టు మార్చడానికి వాళ్ళ చెరువుకి వెళితే, గట్టుమీద నడుస్తూ, "ఇంట్లో చెప్పేశానండి. చీపురు విరిగింది. ఇద్దరం వెళ్ళి చూపించుకున్నాం," అని మాత్రం అన్నాడు. ఆయనకి ఏం తేలిందో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. బెల్టు మార్చినంతసేపూ మెంతుల గురించి మాట్లాడుకున్నాం.

ఆ పది వారాలూ టీచరు గారు నాతో ఫోనులో పొడిగా మాట్లాడేవారు. తిన్నారా, పరీక్ష ఎప్పుడు, సరే. అంతే. ఒకసారి మాత్రం, "ఆ రోజు నాకు చెప్పకుండా ఉంటే ఎప్పటికైనా తెలిసేదా?" అని అడిగారు. తెలిసేది కాదేమోనన్నాను. "రేపు పదో తరగతి వాళ్ళకి స్లిప్ టెస్టుంది, ఉంటాను," అని పెట్టేశారు.

మూడు నెలలు నిండాక ఇద్దరం వెళ్ళాం. ఈసారి గంటసేపూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు, మధ్యలో తన సంచి పెట్టుకుని. కాగితం రాగానే కౌన్సెలర్ గారు నా చేతికిస్తే, నా చేతిలోంచి ఆవిడ తీసుకున్నారు. జవాబు పత్రం చదివినట్టు పైనుంచి కిందికి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి చదివారు. నెగెటివ్. "ఇంక దీని గురించి భయం లేదండి," అన్నారు కౌన్సెలర్ గారు, నాకు కాదు, ఆవిడకి చెబుతూ.

స్టేషనులో పాసింజరు కోసం నించున్నాం.

"నాకింకా కోపంగానే ఉందండి," అన్నారు.

"తెలుసండి."

"వచ్చే ఆదివారం ప్రకటన చదివించండి. అప్పటికి కూడా తగ్గదు."

"మూడో ప్రకటనకైనా?"

"చూద్దాం. ఇప్పుడే ఏమీ చెప్పను."

రైలొచ్చింది. ఈసారి వేరే పెట్టెలోకి వెళ్ళలేదు. కిటికీ పక్క సీట్లో కూర్చుని, పక్క సీటు మీద సంచి పెట్టారు. నేను పైన కడ్డీ పట్టుకుని నించున్నాను. ఉంగుటూరు వెళ్ళింది, కైకరం వెళ్ళింది, పూళ్ళ వెళ్ళింది. కిటికీలోంచి చెరువుల మీద ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతుంటే ఆవిడ అటే చూస్తున్నారు. భీమడోలు దాటాక, మొహం ఇటు తిప్పకుండానే, సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

నేను కూర్చున్నాను.